కోహిమా కొండమీద సమాధుల తోట

నవంబరు 2వ తేదీన సమాధుల పండుగ ఎలా జరుగుతుందో మన గ్రామములవారికి చెప్పనక్కరలేదు. వారము ముందే గడ్డి చెక్కి, సమాధులకు సున్నము వేసి, ఆ సాయంకాలము పూలతో, కొవ్వొత్తులతో కుటుంబములన్నీ బయలుదేరతాయి. మేము కాపరిగా ఉన్న గ్రామములో ఎనభై ఏండ్లు దాటిన ఒక పెద్దమ్మ ప్రతి ఏటా తన తల్లి సమాధిమీద ఒక కొవ్వొత్తి వెలిగించి, రెండవదానిని ఆ ప్రక్కనే వట్టి నేలమీద వెలిగించేది. మొదటి సంవత్సరము చూచి ఊరుకొన్నాము. రెండవ సంవత్సరము అడిగాము.

"అది మా నాయనదండీ, అయ్యగారూ" అన్నది. "నేను చంటిబిడ్డగా ఉన్నప్పుడు బర్మా యుద్ధానికి పోయాడంట. మళ్ళీ రాలేదు. ఎక్కడ మట్టి చేశారో, అసలు చేశారో లేదో ఎవరూ చెప్పలేదు. మా అమ్మ ప్రక్కన ఉంటే బాగుంటదని ఇక్కడ పెడతన్నాను."

కొంతకాలమునకు ఒక సంఘ కూటమి నిమిత్తము నాగాలాండు రాష్ట్రములోని కోహిమాకు వెళ్ళే అవకాశము మాకు కలిగింది. సంగతి తెలిసి ఆమె మా ఇంటికి వచ్చింది. "కోహిమా అనే మాట మా అమ్మ నోట విన్నాను అయ్యగారూ. అక్కడ సిపాయిలకు పెద్ద సమాధుల తోట కట్టారంట గదా. మా నాయన పేరు ఉన్నదేమో చూచి రండి" అని, మనుమరాలిచేత పేరూ ఊరూ వ్రాయించిన చిన్న కాగితము మా చేతికిచ్చింది. ఆ కాగితము వలననే ఆ తోటను మేము చూడవలసినట్లు చూచాము. అందుకే దానిని గూర్చి ఇక్కడ వ్రాస్తున్నాము.

కొండదారి

నాగాలాండులో ప్రవేశించుటకు మన దేశస్థులకు కూడ ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రము కావాలి. దిమాపూరులో రైలు దిగి, అక్కడనుండి సుమారు 70 కిలోమీటర్లు మలుపుల దారిన కొండ ఎక్కితే కోహిమా వస్తుంది. ఊరు సముద్ర మట్టమునకు సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎటు చూచినా కొండలు, లోయలు, మెట్లు మెట్లుగా చెక్కిన వరిమడులు, శిఖరములమీద గుడులు. నాగా ప్రజలలో అత్యధికులు క్రైస్తవులు. 1836లో మన తెలుగువారి మధ్య పని మొదలుపెట్టి నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో సంఘములను నాటిన అమెరికన్ బాప్టిస్టు మిషనే నాగా కొండలకు కూడ సువార్తను తెచ్చింది. 1872లో ఇ. డబ్ల్యు. క్లార్కు దొరగారు ఆవో నాగాల మధ్య మొదటి బాప్తిస్మములు ఇచ్చారు. అందుచేత ఆ ఊరిలో మాకు పరాయితనము కనిపించలేదు.

దిమాపూరునుండి కోహిమా మీదుగా ఇంఫాలుకు పోయే ఆ దారి కోసమే 1944లో అంత ఘోర యుద్ధము జరిగింది. దిమాపూరు రైలు స్టేషను ప్రక్కన బ్రిటిషు సైన్యమునకు పెద్ద పెద్ద గిడ్డంగులు ఉండేవి. బర్మాను అప్పటికే పట్టుకొన్న జపాను సైన్యము 1944 మార్చిలో మన సరిహద్దు దాటింది. కోహిమాను పట్టుకొంటే ఇంఫాలులోని సైన్యమునకు భూమార్గము తెగిపోతుంది, దిమాపూరుకు దారి తెరుచుకొంటుంది. ఈ ఆలోచనతో జనరల్ సాతో నాయకత్వమున జపాను 31వ డివిజను ఏప్రిలు మొదటి వారములో కోహిమాను చుట్టుముట్టింది.

టెన్నిసు కోర్టు

ముట్టడివేసినవారు సుమారు పదమూడు వేలకు పైబడినవారు. లోపల ఆయుధము పట్టగలిగినవారు సుమారు పదిహేను వందలమంది. రాయల్ వెస్ట్ కెంటు దళమువారు, అస్సాం రెజిమెంటువారు, అస్సాం రైఫిల్సువారు, ఇంకా ఆసుపత్రినుండి లేచి వచ్చినవారు, వంటవారు, గుమాస్తాలు కూడ అందులో ఉన్నారు. వారు నిలబడిన కొండకు గారిసన్ హిల్ అని పేరు. ఆ కొండ వాలులోనే డిప్యూటీ కమీషనరు చార్లెస్ పాసీ గారి బంగళా ఉండేది. పాసీ గారు వెళ్ళిపోవుటకు వీలున్నా వెళ్ళలేదు. తాను ఉంటే నాగా ప్రజలకు ధైర్యముగా ఉంటుందని ముట్టడిలోనే ఉండిపోయారు.

బంగళా ప్రక్కన టెన్నిసు ఆడుకొనే చదును స్థలము ఒకటి ఉండేది. దానికి ఒక ప్రక్క జపానువారు, మరొక ప్రక్క మనవైపువారు గోతులు తవ్వుకొని దినములకొలది పోరాడారు. మధ్యదూరము ఇరవై, పాతిక గజములకు మించదు. చేతితో విసరిన బాంబు అవతలి గోతిలో పడేటంత దగ్గర. త్రాగునీటికి కరువు. విమానములనుండి దించిన నీటి డబ్బాలలో కొన్ని గాలికి కొట్టుకొనిపోయి శత్రువుల వైపు పడ్డాయి. గాయపడినవారు గోతులలోనే పడియుండి మరల మరల గాయపడ్డారు. ఏప్రిలు 18న సహాయ సైన్యము దారి చేసికొని వచ్చింది. 20వ తేదీన వెస్ట్ కెంటువారిని అక్కడనుండి తప్పించారు.

పోరాటము అంతటితో ఆగలేదు. మే 13న ఒక ట్యాంకును కొండమీదికి ఈడ్చుకొనివచ్చి ఎదురుగా గుండ్లు పేల్చిన తరువాత గాని ఆ టెన్నిసు స్థలము విడుదల కాలేదు. మూడు వారముల తిండితో బయలుదేరిన జపాను సైనికులు అప్పటికి గడ్డీగాదము తింటున్నారు. తన మనుష్యులు ఆకలితో చనిపోతుంటే చూడలేక జనరల్ సాతో పై అధికారి ఆజ్ఞను కాదని వెనుకకు మరలాడు. జూన్ 22న కోహిమా-ఇంఫాలు దారి తెరుచుకొంది. కోహిమాలో బ్రిటిషు, భారతీయ సైన్యములవైపు మృతులు, గాయపడినవారు, కనబడకుండా పోయినవారు కలిపి నాలుగు వేలకు పైగా లెక్క తేలారు. ఆ దండయాత్ర మొత్తములో జపానువారి నష్టము యాభై వేలు దాటింది. వారిలో తుపాకి గుండుకంటె ఆకలి, రోగములు తీసికొనిపోయినవారే ఎక్కువ.

మధ్యలో నలిగిన నాగా గ్రామస్థులను కూడ మరువరాదు. వారి ఇండ్లు కాలిపోయాయి, ధాన్యము పోయింది. అయినను వారు దారి చూపారు, మోతలు మోశారు, గాయపడినవారిని భుజములమీద కొండలు దింపారు. యుద్ధము ముగిసిన తరువాత సైన్యాధిపతి స్లిమ్ దొరగారు తన గ్రంథములో వారి మేలును కృతజ్ఞతతో వ్రాసుకొన్నారు.

అందరికీ ఒకే రాయి

యుద్ధమప్పుడు సైనికులను పడినచోటనే తొందర తొందరగా పాతిపెట్టారు. తరువాత ఆ దేహములను వెదకి తెచ్చి, పోరాడిన ఆ కొండమీదనే ఈ తోటను ఏర్పాటు చేశారు. కాలిన్ సెంట్ క్లెయిర్ ఓక్సు అనే శిల్పి దీని నమూనా గీశారు. పని చేయించినది ఇంపీరియల్ వార్ గ్రేవ్సు కమీషను. 1960నుండి దానిని కామన్‌వెల్తు వార్ గ్రేవ్సు కమీషను అంటున్నారు.

ఈ కమీషను ఎందుకు పుట్టిందో తెలిస్తేనే ఆ రాళ్ళ అర్థము తెలుస్తుంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము మొదలైనప్పుడు ఫేబియన్ వేర్ అనే పెద్దమనిషి ఫ్రాన్సులో రెడ్ క్రాసు పని చేస్తూ, సైనికుల సమాధులను వ్రాసి పెట్టేవారు లేరని గమనించాడు. ఎవడు ఎక్కడ పడ్డాడో తన మనుష్యులచేత వ్రాయించుట మొదలుపెట్టాడు. ఆ చిన్న పని పెరిగి 1917లో రాజశాసనముతో కమీషను అయింది. అప్పుడొక ప్రశ్న వచ్చింది. ధనవంతుల కుమారులకు పాలరాతి కట్టడములు, పేదవారి కుమారులకు కొయ్య గుర్తులు ఉండవచ్చునా? ఉండరాదని 1918లో ఫ్రెడరిక్ కెన్యన్ అనే పండితుడు నివేదిక ఇచ్చాడు. జనరలైనా జవానైనా రాయి ఒకటే. దేహములను ఎవరూ స్వదేశమునకు తీసికొనిపోరాదు. ప్రతివానికి పేరు ఉండాలి. బిడ్డలను ఇంటికి తెచ్చుకోలేని తల్లులు ఎంతో దుఃఖపడ్డారు. 1920లో పార్లమెంటులో పెద్ద వాదన జరిగింది. చివరకు అందరికీ ఒకటే అన్న నియమము నిలిచింది.

పేరు తెలియని సమాధులమీద ఏమి చెక్కాలి? ఆ మాటను కూర్చిన రడ్యార్డు కిప్లింగు అనే రచయిత తన ఏకైక కుమారుని 1915లో పోగొట్టుకొన్న తండ్రి. ఆయన బ్రతికినన్నాళ్ళు ఆ కుమారుని సమాధి దొరకలేదు. ఇతడు ఎవరో దేవునికి తెలియును అనే అర్థము వచ్చే మాటను ఆయన కూర్చాడు. అది పాండిత్యమునుండి వచ్చిన మాట కాదు, కడుపు కోతనుండి వచ్చినది.

తోటలో నడచినప్పుడు

గేటు దాటగానే రెండవ డివిజను స్మారకము కనిపిస్తుంది. ఒక పెద్ద నిలువు రాయి. దానిని నాగా మనుష్యులు తమ ఆచారము ప్రకారము కొయ్య బండిమీద పెట్టి లాగి తెచ్చారు. ఘనమైన సంగతులకు రాయి లాగి నిలబెట్టుట ఆ కొండ జాతుల పాత పద్ధతి. ఆ రాతిమీద చెక్కిన నాలుగు మాటలు లోకమంతటా పేరుపొందాయి. ఇంటికి తిరిగి వెళ్ళేవారు మమ్మును గూర్చి చెప్పండని మృతులు అడుగుతున్నట్టుగా అవి ఉంటాయి. యొర్దాను దాటిన తరువాత యెహోషువ నిలువబెట్టించిన పన్నెండు రాళ్ళు మాకు జ్ఞాపకము వచ్చాయి. రాళ్ళకు నోరు లేదు. బిడ్డలు అడగాలి, పెద్దలు చెప్పాలి. అప్పుడే అవి జ్ఞాపకార్థములు అవుతాయి.

అక్కడనుండి మెట్లు మెట్లుగా సమాధుల వరుసలు పైకి పోతాయి. మొత్తము 1,420 సమాధులు. బ్రిటిషువారు, భారతీయులు, ఇతర దేశములవారు కొందరు. నేలకు దగ్గరగా చిన్న రాతి దిమ్మ, దానిమీద కంచు రేకు. పేరు, దళము, మరణించిన తేదీ, వయస్సు. పందొమ్మిది, ఇరువది, ఇరువది రెండు... చదువుతూ పోతుంటే మా యౌవనుల కూటమి హాజరు పట్టీ చదువుతున్నట్టు అనిపించింది. శౌర్యమునకు ఇచ్చే పతకములన్నిటిలో పెద్దదైన విక్టోరియా క్రాసు పొందినవారు ఇద్దరు ఇక్కడ ఉన్నారు. ఒకరు లాన్సు కార్పొరల్ జాన్ హార్మన్, మరొకరు కెప్టెన్ జాన్ ర్యాండిల్. వారి రాయి కూడ ప్రక్కవాని రాయంతే ఉన్నది.

ఇంకా పైకి వెళ్తే ఆ టెన్నిసు స్థలము వస్తుంది. దాని గీతలను చెరిగిపోకుండ తెల్లని సిమెంటుతో నిలిపారు. ఆ గీతలకు పైగా సిలువ నిలిచి ఉన్నది. ప్రక్కన ఒక చెర్రీ చెట్టు. యుద్ధములో జపాను సైనికుడు దాగి తుపాకి పేల్చిన చెట్టు గుండ్లకు కూలిపోగా, మిగిలిన మొద్దునుండి చిగిర్చినదే ఈ చెట్టు అని అక్కడి పలక చెబుతుంది. ఆటకు వేసిన గీతలు, మరణమునకు సరిహద్దులైన గీతలు ఒక్కటే అయిన ఆ చోట మేము చాలసేపు మాట లేకుండ కూర్చున్నాము.

తోట అంతటిలో ఎత్తైన చోట మరొక స్మారకము ఉన్నది. హిందూ, సిక్కు సైనికులు 917 మంది పేర్లు అక్కడ ఉన్నాయి. తమ తమ మతాచారము చొప్పున దహనము చేయబడినవారికి సమాధులు ఉండవు గనుక పేర్లను అక్కడ చెక్కారు. పాతిపెట్టబడినవారికి రాయి ఇచ్చి, దహింపబడినవారిని మరచిపోలేదు. శిఖరము వారికే ఇచ్చారు.

శత్రువుల సంగతి ఏమైంది? అదే ఊరిలో అరదురా కొండమీద కతోలికుల పెద్ద గుడి ఉన్నది. దాని నిర్మాణమునకు ఇక్కడ మరణించిన జపాను సైనికుల బంధువులు విరాళములు ఇచ్చారు. ఇక ఈ యుద్ధములో బ్రతికి బయటపడిన బ్రిటిషు సైనికులు వృద్ధులైన తరువాత, నాగా ప్రజల ఋణము తీర్చుకోవాలని 2000 దశకములో కోహిమా ఎడ్యుకేషనల్ ట్రస్టును స్థాపించి, నాగా బిడ్డల చదువునకు సహాయము చేశారు. రాతి స్మారకమునకు ఇది తోడు స్మారకము.

దొరకని పేరు

పెద్దమ్మ ఇచ్చిన కాగితము పట్టుకొని రెండు గంటలు వెదికాము. పేర్ల పుస్తకము త్రిప్పాము, కంచు రేకులు చూచాము. ఆమె తండ్రి పేరు లేదు.

తోట పని చూచుకొనే మనిషి మా అవస్థ గమనించి దగ్గరకు వచ్చాడు. సంగతి విని, "బర్మాలో పోయి సమాధి తెలియనివారి పేర్లు రంగూనులో ఉంటాయి. సైనిక నంబరు దొరికితే కమీషనుకు వ్రాయండి" అన్నాడు. మన పెద్దలు 'రంగం' అని పిలిచిన ఆ రంగూనుకు ఉత్తరమున తౌక్యాన్ అనేచోట ఇంకొక పెద్ద తోట ఉన్నది. అందులోని స్మారక స్తంభములమీద, సమాధి తెలియని సుమారు 27,000 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. వారిలో అధిక సంఖ్యాకులు భారత సైన్యమువారు.

ఇక్కడ ఒక చేదు నిజము కూడ చెప్పాలి. అందరికీ ఒకే రాయి అన్న నియమము అంతటా నిలువలేదు. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత ఇరాకులోని బాస్రా స్మారకములో బ్రిటిషు సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు గాని, వేలాది భారతీయ సిపాయిలకు దళమువారీగా సంఖ్య మాత్రమే చెక్కారు. ఆఫ్రికాలోను అటువంటి భేదములే జరిగాయి. 2021 ఏప్రిలులో కమీషను నియమించిన సంఘమే ఈ సంగతి బయటపెట్టింది. కనీసము 1,16,000 మంది, బహుశః 3,50,000 మంది వరకు, ముఖ్యముగా ఆఫ్రికా, మధ్యప్రాచ్య దేశములలో పనిచేసినవారు, పేరు పెట్టి జ్ఞాపకము చేయబడలేదని చెప్పింది. కమీషను క్షమాపణ చెప్పుకొన్నది. రాతిమీద తప్పు చెక్కినా, నూరేండ్ల తరువాతనైనా ఒప్పుకొనుట మంచిదే.

ఆ వార్త చదివినప్పుడు దొరలను తప్పు పట్టుట మాకు సులభముగానే తోచింది. తరువాత మన ఊళ్ళు జ్ఞాపకము వచ్చాయి. ఒకే ప్రభువును ఒప్పుకొని, ఒకే రొట్టెలో పాలుపొందిన మనము కొన్ని గ్రామములలో ఈనాటికి కులమువారీగా సమాధుల దొడ్లు వేరు చేసికొన్నాము. దావీదు యోధుల పట్టీ 2 సమూయేలు 23వ అధ్యాయములో ఉన్నది. ఆ పట్టీ చివరి పేరు ఎవరిదో చూడండి. హిత్తీయుడైన ఊరియాది. అన్యదేశస్థుడు, పైగా రాజు చేతనే అన్యాయమునకు గురియైనవాడు. అయినను లేఖనము అతని పేరు కొట్టివేయలేదు.

మా తప్పు ఒకటి

ఇతరులకు చెప్పేముందు మా తప్పు ఒప్పుకొనుట న్యాయము. ఇంతకుముందు మేము సేవ చేసిన ఒక చోట భూస్థాపన రిజిస్టరు వ్రాయుటలో అశ్రద్ధ చేశాము. వానకాలమని, పని ఒత్తిడి అని, రేపు వ్రాద్దామని దాటవేశాము. కొన్ని ఏండ్ల తరువాత దూరదేశమునుండి ఒక కుమారుడు వచ్చి, తండ్రి సమాధి చూపుమని అడిగాడు. అప్పటికి మట్టి దిబ్బ క్రుంగిపోయింది, కొయ్య సిలువ చెదలు తినివేసింది. రెండు మూడు చోట్లు చూపి "ఇక్కడే ఎక్కడో" అన్నాము. అతడు మమ్మును ఏమీ అనలేదు. చెప్పులు విడిచి, ఆ మూడు చోట్లా మోకరించి వెళ్ళిపోయాడు. యుద్ధము మధ్యన, గుండ్లు పడుతున్న చోట, ఫేబియన్ వేర్ మనుష్యులు చేసిన పనిని మేము శాంతికాలములో, చేతిలో కలము పెట్టుకొని చేయలేకపోయాము.

కోహిమానుండి తిరిగి వచ్చి పెద్దమ్మతో, "అక్కడ లేదమ్మా" అని చెప్పుట కష్టమైంది. ఆమె కాసేపు ఊరుకొని, రేకు పెట్టె తెరచి, అడుగునున్న తల్లి పింఛను కాగితము తీసి ఇచ్చింది. మడతలవద్ద చినిగిపోయినది, అయినను సైనిక నంబరు చదువ వీలుగా ఉన్నది. సంఘములోని ఒక యౌవనుడు కమీషనువారి పట్టికలను కంప్యూటరులో వెదికాడు. నాలుగైదు రోజులు పట్టింది, ఎందుకంటే మన పేర్లను ఆ గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసికొన్నారు. నంబరు కలిసింది. రంగూను స్మారకములో ఆయన పేరు ఉన్నది. తండ్రి పేరు, ఊరి పేరు, జిల్లా కూడ వ్రాసియున్నాయి. దాని తరువాత, ఫలానా ఆమె భర్త అని ఉన్నది.

అదంతా చదివి వినిపించాము. తండ్రి పేరు విన్నప్పుడు ఆమె కదలలేదు. తల్లి పేరు చదివేసరికి కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొంది. "మా అమ్మ పేరు కూడ వ్రాశారా అయ్యగారూ?" అని రెండుసార్లు అడిగింది.

సమాధి దొరకలేదు. ఇక దొరకదు కూడ. కాని ఆ ఏడు ఆమె కుటుంబమువారు తల్లి సమాధి రాతిమీద, తల్లి పేరు క్రిందుగా తండ్రి పేరు చెక్కించి, రంగూను అని వ్రాయించారు.

మన ప్రాంతమువారు అంత దూరము వెళ్ళనక్కరలేదు. చెన్నైలో నందంబాకము వద్ద మద్రాసు వార్ సెమిటరీ ఉన్నది. దక్షిణ, తూర్పు భారతములో చెదరియున్న సమాధులను ఒకచోటికి చేర్చి 1952లో దానిని ఏర్పాటు చేశారు. రెండవ ప్రపంచ యుద్ధమునకు సంబంధించిన 856 సమాధులు అక్కడ ఉన్నాయి. ఆస్పత్రి పనిమీదనో, పెండ్లి పనిమీదనో ఆ ఊరు వెళ్ళినప్పుడు బిడ్డలను తీసికొనిపోయి చూపండి. ఇంటిలో సైనికుని పాత కాగితములు ఉంటే పారవేయకండి. నంబరు ఒక్కటి ఉన్నా చాలును.

మా సంఘములో ఇప్పుడు భూస్థాపన జరిగిన దినమునే, ఆరాధన బట్టలు మార్చుకొనకముందే రిజిస్టరు వ్రాస్తున్నాము. పేరు, తల్లిదండ్రుల పేర్లు, వరుస, ఎన్నవ సమాధి. దేవునికి అందరి పేర్లూ తెలుసు. కాని దూరమునుండి వచ్చి అడిగే బిడ్డకు చూపించవలసినది మనమే.